పంటిముడి

సాయంత్రం అయిదున్నర అయ్యేసరికి స్నానాల గదిలో వేడినీళ్ళ బకెట్టు సిద్ధంగా ఉండాలి. ఇరవై ఏడేళ్ళు ఆ ఇంట్లో అది తప్పలేదు. వాన కురిసినా, ఒంట్లో బాగోకపోయినా, పొయ్యి మీద మిగతావన్నీ దించేసి ముందు ఆ నీళ్ళు కాగాల్సిందే. ఆయన వచ్చేవాడు. చెప్పులు గుమ్మం బయటే వదిలేవాడు. చొక్కా విప్పి మూలనున్న తొట్టిలో పడేసి, ఎవరితోనూ మాట్లాడకుండా, ఎవరినీ ముట్టుకోకుండా తిన్నగా స్నానానికి వెళ్ళిపోయేవాడు. కూతురు నడక నేర్చుకునే రోజుల్లో కాళ్ళకి చుట్టుకోబోతే, "ఆగు పొట్టీ, ఆగాగు, పిట్టల దుమ్ము!" అని రెండు చేతులూ పైకెత్తి, పట్టుబడ్డ దొంగలా నిలబడిపోయేవాడు. పిల్ల పకపకా నవ్వేది. స్నానం చేసి వచ్చాకే ఎత్తుకునేవాడు.

ఇప్పుడా బకెట్టు కూతురి కోసం. నీళ్ళు అవే, వేళ అదే. కూతురు మాత్రం తండ్రిలా కాదు. వస్తూనే కుర్చీలో కూలబడి కాళ్ళు చాపుతుంది.

"అమ్మా, ముందు టీ."

"నీళ్ళు చల్లారిపోతున్నాయే. లే, ముందు స్నానం."

"నేనేమైనా బురదలో దొర్లొచ్చానా? గదిలో కూర్చుని చచ్చిన పిట్టల కాళ్ళకి చీటీలు కట్టొచ్చాను. అవి నా మీద రెట్ట కూడా వెయ్యవు."

అంటూనే బిస్కెట్టు టీలో ముంచి తినేది. ఆ బిస్కెట్టు పట్టుకున్న వేళ్ళ వైపు తల్లి చూస్తూ ఉండిపోయేది. ఎందుకలా చూస్తోందో ఆమెకే తెలిసేది కాదు. బకెట్లో నీళ్ళ మీద ఆవిరి తగ్గిపోతూ ఉండేది.

వీధిలో అందరూ ఆమెని కాజాలక్క అంటారు. పెళ్ళికాక ముందు దర్జీ కొట్లో కాజాలు తీసి, గుండీలు కుట్టే పని చేసింది. అయిదో తరగతి మధ్యలో బడి మానేసి ఆ కొట్లో నేల మీద కూర్చుంది. పదేళ్ళు లేవలేదు. చదువు అబ్బలేదు గాని చెయ్యి అబ్బింది. ఆమె కుట్టిన గుండీ ఊడిపోయిందని ఎవరూ తిరిగి రాలేదు. దర్జీ అనేవాడు, "ఈ పిల్ల గుండీ కుడితే చొక్కా చిరగాలే తప్ప గుండీ రాదు" అని. మాటలు తక్కువ. పక్కింటామె ఉప్పు అడిగితే తలుపు చాటు నుంచే చెయ్యి చాచి ఇచ్చే మనిషి. పెళ్ళయ్యాక కొట్టు మానేసింది. పేరు మాత్రం మానలేదు, కాజాలక్క కాజాలక్కగానే ఉండిపోయింది.

ఆయనది మ్యూజియంలో పిట్టల గది. జనం టిక్కెట్టు కొనుక్కుని చూసే గది కాదది. వెనక వైపు, మెట్లు ఎక్కి, పొడుగాటి నడవా దాటి వెళ్తే వస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి చూపించడానికి తీసుకెళ్ళాడు. గదినిండా ఆకుపచ్చ ఇనప బీరువాలు. బీరువాలో మెట్టుమెట్టుగా చెక్క సొరుగులు. ఆయన ఒక సొరుగు లాగాడు. అందులో పిట్టలు వెల్లకిలా పడుకుని ఉన్నాయి, వరసగా, చీటీలున్న కాళ్ళు ఒక్క వైపుకి పెట్టి. కళ్ళుండాల్సిన చోట దూది.  కలరా ఉండల వాసన కింద ఇంకేదో వాసన, పేరు తెలియనిది, గొంతులో అతుక్కుంది.

"కళ్ళేవండీ?"

"తీసేస్తారు. కళ్ళూ మాంసమూ పాడవుతాయి, చర్మమూ ఈకలూ ఉంటాయి. ఇదిగో ఇది చూడు, దీనికి నూటపాతికేళ్ళు. మా తాత కంటే పెద్దది."

"ఇన్నేళ్ళు పురుగు పట్టలేదా?"

"పట్టదు," అన్నాడు ఆయన.  సొరుగు నెమ్మదిగా లోపలికి తోశాడు.

ఆ రోజే మూడువేళ్ళ పిట్టనీ చూపించాడు. గుప్పెట్లో పట్టేంత పిట్ట, ఎండుగడ్డి రంగు. చూస్తే పూరేడు పిట్టే అంటారు ఎవరైనా. ఎగరడం ఇష్టం లేక గడ్డిలో పరుగులు తీసే నేలపిట్ట. "పూరేడుకి వెనక ఒక వేలుంటుంది. దీనికి లేదు. మూడే, అన్నీ ముందుకే," అని ఎండిపోయిన కాలు చూపించాడు. "ఇంకో తమాషా. దీంట్లో ఆడది పెద్దది, రంగున్నది. కూత పెట్టేదీ, పోట్లాడేదీ అదే. గుడ్లు పెట్టేసి చక్కా పోతుంది. పొదిగేదీ పిల్లల్ని పెంచేదీ మగాడు. వెనకటి దొరలు రంగున్నది మగదే అయ్యుంటుందని సగం చీటీల మీద తప్పు రాసిపెట్టారు."

"బాగుందండీ. అయితే మనింట్లో మీరే పొదుగుదురు గాని."

కొత్త పెళ్ళికూతురు అంతమాట అంటుందని ఆయన అనుకోలేదు. నడవా పొడుగునా నవ్వుకుంటూనే వచ్చాడు.

ఆ పిట్టతోనే వచ్చింది చిక్కంతా. మిగతా పిట్టలు ఏ బీరువాలో పెడితే ఆ బీరువాలో ఉంటాయి. కాకి కాకుల్లో ఉంటుంది, గద్ద గద్దల్లో ఉంటుంది. ఈ మూడువేళ్ళది మాత్రం ఎక్కడుండాలో చదువుకున్నవాళ్ళకే తేలలేదు. మ్యూజియంవాళ్ళు మొదట కోళ్ళ బీరువాలో, పూరేళ్ళ పక్కన పెట్టారు. పెళ్ళయిన ఏడాదే పైనుంచి కాగితం వచ్చింది, ఇవి కోళ్ళ చుట్టాలు కావు, బెగ్గురు కొంగలూ నీటికోళ్ళూ ఉండే బీరువాలోకి మార్చమని.

ఆయన సాయంత్రం స్నానం చేసి కూర్చుని ఆమెకి విడమరిచి చెప్పేవాడు. "ప్రజాతి అంటారోయ్. అంటే ఇంటిపేరు లాంటిది. వీటన్నిటికీ ఇంటిపేరు ఒక్కటే, టర్నిక్స్. పూరేడుకి లాటిన్‌లో ఉన్న పేరులోంచే ముందు ముక్క కోసేసి పెట్టారట. వేలు లేనిదానికి పూర్తి పేరెందుకు అనుకున్నారేమో. ఇంటిపేరుకి ఢోకా లేదు. ఆ ఇల్లు ఏ వీధిలో ఉండాలన్నదే తేలడం లేదు."

"అయితే మీకేం పని?"

"ఏం పనా? ఏ వీధికి మారినా కొత్త చీటీ రాసి కాలికి కట్టాలి. పాతది తియ్యకూడదు, దాని పక్కనే కొత్తది. చీటీ కట్టందే పిట్టని సొరుగు దాటించకూడదు. పద్నాలుగు సొరుగులు, తొమ్మిది వందల పిట్టలు."

వారం తిరక్కుండానే ఆయన మొహం వేలాడేసుకుని వచ్చాడు. కట్టిన ముళ్ళు జారిపోతున్నాయట. చీటీలు ఊడి సొరుగులో పడుతున్నాయట. "ఏ పిట్టది ఏ చీటీయో ఇక దేవుడికే తెలియాలి. నీ వేళ్ళా, అరటిపండ్లా?" అని అప్పటి ఆఫీసరు పదిమందిలో అన్నాడట.

 ఆమె లేచి దారపు ఉండ తెచ్చింది. ఒక అగ్గిపుల్ల తీసుకుని, "ఇది మీ పిట్ట కాలనుకోండి," అంది. దారం కొస నాలుక మీద తడిపింది, పుల్ల చుట్టూ రెండు చుట్లు తిప్పింది, ఒక కొస పంటి కింద పెట్టి, రెండో కొస చేత్తో చర్రున లాగింది. ముడి పుల్లలోకి దిగిపోయింది. దర్జీ కొట్లో గుండీ వెనక వేసే ముడి అది. తడి దారం బిగుసుకుంటుంది, ఆరాక ఇక ఊడదు.

ఆయన గోళ్ళతో గీకి చూశాడు, పుల్ల విరిగింది గాని ముడి రాలేదు.

"అబ్బో! మళ్ళీ చూపించు."

ఆ సాయంత్రం అగ్గిపెట్టె సగం ఖాళీ అయింది. ఇద్దరూ నవ్వుకుంటూ, మోకాళ్ళు తగిలేలా కూర్చుని, పుల్లలకి ముళ్ళు వేశారు. చీటీలకి చిల్లులు పెట్టి దారాలు గుచ్చే పని కూడా ఆనాటి నుంచే ఇంటికి వచ్చింది. ఆమె గుచ్చి కట్టలు కట్టి ఇచ్చేది, ఆయన తీసుకెళ్ళి కట్టేవాడు. ఆమె జీవితంలో అంత సుఖంగా గడిచిన సాయంత్రాలు మళ్ళీ లేవు.

పిట్టలు మారడం పూర్తయిన నెలకి ఆయన మంచాన పడ్డాడు. వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి, అరికాళ్ళు తిమ్మిరి. పడని తిండి ఏదో తిన్నాడన్నారు. మూడు వారాలకి లేచాడు. గోళ్ళు కత్తిరిస్తూ ఆమె చూసింది, పది గోళ్ళ మీదా అడ్డంగా తెల్లటి గీత.

"గోరు మీద తెలుపొస్తే కొత్తబట్టలొస్తాయంటారండీ," అంది.

"అయితే పది జతలు!" అన్నాడాయన.

తరువాత పదమూడేళ్ళు పిట్టలు ఆ బీరువాలో కదలకుండా పడుకున్నాయి. కూతురు నాలుగో తరగతిలో ఉండగా మళ్ళీ కాగితం వచ్చింది. ఇవి ఎవరి చుట్టాలూ కావు, వీటికి విడిగా బీరువా ఇమ్మని. ఆయన మళ్ళీ కట్టాడు. ఈసారి కాళ్ళు మొద్దుబారిపోయి నెల రోజులు గోడ పట్టుకుని నడిచాడు. అరచేతుల్లో కాయలు కాచాయి. పలుగూ పారా పట్టని చేతులకి కాయలేమిటని డాక్టరే ఆశ్చర్యపోయి, ఏదో పూతమందు రాసిచ్చాడు.

నిరుడు మూడో కాగితం వచ్చింది. ఇవి సముద్రపు ఒడ్డున తిరిగే పిట్టలకి చుట్టాలట. నెత్తురు పరీక్షల్లాంటివేవో చేసి తేల్చారట. పక్కన రాళ్ళ గదిలో పనిచేసే ఆయన, ఇంటికి ఎప్పుడొచ్చినా నవ్వించి పోయేవాడు, పిట్టల్ని మార్చడం మొదలయ్యాక ఒక రోజు వచ్చాడు. "చూశావా వదినా, జన్మలో నీళ్ళు చూడని పిట్ట, ఇప్పుడు సముద్రం చుట్టమట! నా రాళ్ళే నయం. పెట్టినచోట పడుంటాయి," అన్నాడు. అందరూ నవ్వారు. పిట్టల గది ఆయనా నవ్వాడు. అప్పటికే కంచంలో సగం వదిలేస్తున్నాడు.

పద్నాలుగు సొరుగుల్లో అయిదు మార్చాడు. ఆరో సొరుగు మధ్యలో కుర్చీలోంచి పక్కకి ఒరిగిపోయాడు. కాలేయం అన్నారు, తరువాత నరాలన్నారు, ఆఖరికి ఏమీ అనలేదు. ఆస్పత్రిలో ఎవరూ ఆయన్ని పిట్టల గురించి అడగలేదు. ఎందుకడుగుతారు?

ఆయన పోస్టు కూతురికిచ్చారు. పెద్ద మనసుతో ఇచ్చారని అందరూ అన్నారు. ఇల్లు గడవడానికి మరో దారి లేదు కూడా. పిల్ల చేరి మూడు నెలలు కావస్తోంది. మొదటి నెలలోనే తండ్రి వదిలేసిన ఆరో సొరుగు, ఏడో సొరుగు కట్టేసింది. చీటీలు అయిపోయి ఆగిన మిగతా ఏడూ సోమవారం నుంచి. "నాన్న కంటే వేగం అంటున్నారమ్మా ఆఫీసరమ్మ," అని గర్వంగా చెప్పింది. గురువారం నాడు చీటీల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. "సోమవారానికి రెండొందలు గుచ్చిపెట్టమ్మా. మిగతావి తరవాత."

ఆమె సరేనంది. ఆయన పోయాక ఆమె చేతులకి పనిలేదు. దారం గుచ్చుతూ కూర్చుంటే ఆయన పక్కనున్నట్టుంటుంది.

శుక్రవారం సాయంత్రం పిల్ల టీ గ్లాసు అందుకోవడానికి చెయ్యి చాపింది. కిటికీలోంచి ఎండ ఏటవాలుగా ఆ చేతి మీద పడింది. తల్లి గ్లాసు వదల్లేదు.

"ఇవ్వమ్మా. ఏంటలా చూస్తావ్?"

అయిదు గోళ్ళ మీదా, మొదళ్ళకి కాస్త పైన, అడ్డంగా తెల్లటి గీత. మచ్చ కాదు. మచ్చలు పిల్లలందరికీ ఉంటాయి, ఒక గోటికుంటే ఇంకో గోటికుండదు. ఇది గీత. అయిదింటి మీదా ఒకే ఎత్తులో, బద్ద పెట్టి గీసినట్టు.

"ఆ చెయ్యి కూడా చూపించు."

"అబ్బ, ఏముందని? కొత్తబట్టలొస్తాయి, అంతేగా. ఆఫీసులో వేసుకోడానికి కోటు ఇస్తామన్నారు, అదే అయ్యుంటుంది," అని పిల్ల నవ్వింది. అచ్చం తండ్రి నవ్వు.

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. వంటింట్లోకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడింది. చదువు రాని మనిషి. సంవత్సరాలు అంకెలతో గుర్తుండవు, ఇంట్లో జరిగినవాటితో గుర్తుంటాయి. పెళ్ళయిన ఏడు, పిట్ట కోళ్ళని వదిలింది, ఆయన మంచాన పడ్డాడు. పిల్ల నాలుగో తరగతి, పిట్టకి సొంత బీరువా వచ్చింది, ఆయన గోడ పట్టుకు నడిచాడు. నిరుడు. మూడుసార్లు పిట్ట ఇల్లు మారింది. మధ్యలో పదమూడేళ్ళు అది కదలలేదు, ఆయనకి జలుబు కూడా చెయ్యలేదు.

ఇప్పుడు దాన్ని కదుపుతున్నది పిల్ల.

శనివారం పిల్ల పనికి వెళ్ళగానే ఆమె బస్సెక్కింది. ఆయనకి పని నేర్పిన పెద్దాయన ఇంకా బతికే ఉన్నాడు, కొడుకు దగ్గర మేడ మీద గదిలో. ఆమె ఎప్పుడూ ఒంటరిగా ఎవరింటికీ వెళ్ళలేదు. మెట్ల దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగింది. మూడోసారి ఎక్కింది.

పెద్దాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. చేతుల మీద చర్మం నల్లబడి, మధ్యమధ్య తెల్లటి చుక్కలు, దుమ్ము నేల మీద నాలుగు చినుకులు పడి ఆగినట్టు. వేళ్ళు రెండు లేవు.

"ఎవరమ్మా?"

"నేను బాబాయి గారూ, పిట్టల గది ఆయన భార్యని."

"రామ్మా, రా. వాడి కబురు తెలిసింది. కాళ్ళు లేక రాలేకపోయాను. అమ్మాయి బాగుందా?"

"అది ఆ గదిలోనే చేరిందండీ."

పెద్దాయన మొహం మారిపోయింది. 

"ఏ పిట్టలు ఇచ్చారు?"

"మూడువేళ్ళవి."

"హు," అన్నాడు. "అవన్నీ పాతవే. కొత్తగా తోలు తీసినవాటికి వెయ్యడం లేదు ఇప్పుడు. పాతవాటికి లోపల పూసేవాళ్ళం. పాషాణం సబ్బు. పురుగు పట్టదు, చీమ ముట్టదు, నూరేళ్ళయినా చావదు దాని పవరు. ఏళ్ళు గడిచేకొద్దీ తెల్లగా పైకి పూస్తుంది, కాళ్ళ మీదికీ ఈకల మీదికీ వస్తుంది. సొరుగులో పడుంటే ఎవరికీ నష్టం లేదమ్మా. కదిపితేనే. మిగతా పిట్టల్ని ఎవరు కదుపుతారు? ఆ దరిద్రపు మూడువేళ్ళదే, ఎక్కడా కుదురుగా ఉండదు."

పాషాణం. ఆ మాట ఆమెకి తెలుసు. చిన్నప్పుడు కథల్లో విన్నది, ఎవరో ఎవరికో పెట్టి చంపేది.

"ఆయనకి తెలుసాండీ?"

"తెలియకేం? మొదటిరోజే రెండు మాటలు చెప్పాను. స్నానం చెయ్యందే బిడ్డల్ని ముట్టుకోకు. చెయ్యి నోటికి తగలనీకు. మొదటి మాట నిలబెట్టుకున్నాడు. నిలబెట్టుకున్నాడా?"

"ఒక్కరోజు కూడా తప్పలేదండీ. పిట్టల దుమ్మని చెప్పేవారు. నాకు అంతే తెలుసు."

"నీకు చెబితే ఆ ఉద్యోగం చెయ్యనిస్తావా మరి? అందుకే చెప్పి ఉండడు. రెండో మాట..." పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "కొత్తలో బుద్ధిగానే కట్టేవాడు, చిన్న పట్టకారుతో. రోజుకి ముప్ఫై. ఊడిపోతే తిట్లు తినేవాడు, మళ్ళీ కట్టేవాడు. తరువాత ఎక్కడ నేర్చుకొచ్చాడో ఒక ముడి. దారం తడిపి, పంటికింద పెట్టి, చర్రున లాగి... రోజుకి నూటపాతిక! ఆఫీసరు మురిసిపోయి గదిగదికీ తిప్పి చూపించాడు. నేను తిట్టాను. 'ఒరేయ్, అది పిట్ట కాలురా, చెరుకు ముక్క కాదు' అన్నాను. వింటేనా? 'ఇది మా ఇంటి ముడి గురువుగారూ, ఊడదు' అన్నాడు. పిట్టల మీద చెయ్యి వేసిన ప్రతిసారీ అదే నోరు, అదే దారం."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. కింద ఎవరో బట్టలు ఉతుకుతున్న చప్పుడు.

"ఎవడు నేర్పాడో గాని," అన్నాడు పెద్దాయన, "నీకేమైనా తెలుసా అమ్మా?"

"తెలీదండీ," అంది ఆమె.

అది ఆమె నోట వచ్చిందని ఆమెకే నమ్మకం కలగలేదు. పెద్దాయన మంచినీళ్ళు తీసుకోమన్నాడు. గ్లాసు చేతిలో పట్టుకుంది, తాగలేదు.

"మరి పిల్లకి ఆఫీసులో ఎవరూ చెప్పలేదేం?"

"చెప్పేవాళ్ళం రిటైరయ్యాం. తలుపు మీద బోర్డుండేది, చెయ్యి నోట పెట్టరాదు అని. గోడలకి రంగులేసినప్పుడు తీశారు, మళ్ళీ తగిలించినవాడు లేడు. ఇప్పుడొచ్చినావిడ పుస్తకాల మనిషి. పిట్ట ఎవరి చుట్టమో ఆవిడకి తెలుసు. దాని ఒంట్లో ఏముందో ఆవిడకి తెలియాలని ఏముంది?" ఆయన ముందుకి వంగాడు. "అమ్మాయి ముడి ఎలా వేస్తోంది?"

ఆమె లేచింది.

ఎలా వేస్తుంది? ఆరేళ్ళప్పుడు బొమ్మకి గౌను కుట్టడం నేర్పింది తనే. దారం ఎలా తడపాలో, కొస ఎక్కడ పట్టాలో, ఆ చిన్ని పళ్ళ మధ్య పెట్టి మరీ నేర్పింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వాటిని పరాయివాళ్ళ చేతుల్లా చూస్తూ ఇంటికొచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చెప్పింది. పాషాణం గురించి చెప్పింది, పెద్దాయన చేతుల గురించి చెప్పింది, గోళ్ళ గీతల గురించి చెప్పింది. ముడి ఎవరు నేర్పారన్నది మాత్రం చెప్పలేదు. పిల్ల మొదట నవ్వబోయింది. తరువాత తన గోళ్ళు చూసుకుంది. తరువాత నవ్వలేదు.

"నిజమా అమ్మా?"

"నాకు చదువు లేదే. నేను చూసింది చెబుతున్నాను. ఆ ఉద్యోగం మానెయ్."

"మానేసి? ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇంకెవరిస్తారు నాకు పని?" పిల్ల కొంచెంసేపు ఆలోచించింది. "ఇలా చేస్తాను. గ్లౌజులడుగుతాను, మొహానికి గుడ్డ కట్టుకుంటాను. చేత్తోనే కడతాను, నోట్లో పెట్టను. ఒట్టు. నీ మీదొట్టు. ఇక చాలా?"

"రాగానే స్నానం."

"రాగానే స్నానం. టీ కూడా ముట్టను. ఇప్పుడైనా నవ్వు."

ఆమెకి కాస్త ఊపిరాడింది. పిల్ల మాటంటే మాటే, తండ్రిలాగే. గిన్నెలు సర్ది వచ్చేసరికి పిల్ల రేపటి చొక్కా ఒళ్ళో వేసుకుని కూర్చుంది, తెగిన గుండీ కుట్టుకుంటూ, ఏదో పాట కూనిరాగం తీస్తూ. ఆ గదిలోకి వేసుకెళ్ళే చొక్కాయే. సూది నాలుగుసార్లు ఎక్కి దిగింది. పిల్ల తల వంచింది, దారం పంటి కింద పెట్టింది, చర్రున లాగింది. పుటుక్కున కొరికింది.

తల్లి గుమ్మంలో నిలబడిపోయింది.

"ఏం చేశావిప్పుడు?"

"ఏం చేశాను? గుండీ కుట్టాను."

"నోట్లో ఏం పెట్టావు?"

"ఏమీ పెట్టలేదే!" అంది పిల్ల. అబద్ధం కాదది. నిజంగానే తెలియదు. ఒట్టేసి గంట కాలేదు. పెదవి మీద తెల్లటి దారపు పోగు ఒకటి అంటుకుని ఉంది. తల్లి చెయ్యి చాపి దాన్ని తీసి చూపించింది. పిల్ల దాని వంక చూసింది. మొహం పాలిపోయింది.

"అది నీ తప్పు కాదే," అంది తల్లి. కింద చాప మీద కూర్చుంది. "చెయ్యి దాని దారిన అది పోతుంది. నువ్వు ఒట్టేసినా దానికి వినబడదు. నేను నేర్పాను నీకు. మీ నాన్నకీ నేనే నేర్పాను. పెళ్ళయిన ఏడు, అగ్గిపుల్లల మీద. ఆయన పట్టకారుతో కట్టుకునేవారు. ఊడిపోతోందని బాధపడితే... నేనే..."

ఆయన పోయిన ఎనిమిది నెలల్లో ఆమె అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడింది లేదు.  వీధిలో సైకిలు బెల్లు మోగి దూరమైపోయింది.

"నీకు తెలియదు కదమ్మా," అంది ఆఖరికి.

"తెలియదు. ఇప్పుడు తెలుసు."

పిల్ల చొక్కా మడిచి పక్కన పెట్టింది. కళ్ళు తుడుచుకుంది. కాసేపాగి, పెద్దమనిషి తరహాలో, పని మాట మాట్లాడితే తేలిక పడుతుందన్నట్టు, "చీటీలు గుచ్చావా?" అని అడిగింది.

"లేదు."

"రేపు పొద్దున్నే కావాలమ్మా. చీటీ లేందే ఒక్క పిట్టని కూడా కదపనివ్వరు, తెలుసుగా."

"తెలుసు," అంది తల్లి. "అందుకే గుచ్చను."

"నువ్వు గుచ్చకపోతే వాళ్ళెవరో గుచ్చుకుంటారు. ఆగుతుందా?"

"గుచ్చుకోనీ. చేతకాని చేతులకి రెండు రోజులు పడుతుంది. రేపు నీతో నేనూ వస్తాను. చీటీలు ఏవని ఆఫీసరమ్మ అడుగుతుంది కదా. అడిగినప్పుడు నేనే చెబుతాను, ఎందుకు గుచ్చలేదో. మీ నాన్న ముడి ఎవరు నేర్పిందో కూడా చెబుతాను."

"నువ్వా? ఆఫీసరమ్మతోనా?" పిల్ల ఏడుపు మొహంలోనే నోరు తెరిచింది. "ఎదురింటావిడతో మాట్లాడాలంటే నన్ను పంపిస్తావు!"

 చీటీల కట్ట బల్ల మీద ఉంది, గురువారం తెచ్చినట్టే, రబ్బరు బ్యాండు కూడా తియ్యకుండా. పక్కన కొత్త దారపు ఉండ, సూది. ఆమె వేళ్ళు అలవాటు కొద్దీ అటు కదిలాయి. రెండో చేత్తో వాటిని పట్టుకుని ఒళ్ళోకి లాక్కుంది. కట్ట అక్కడే ఉండిపోయింది.